టెస్టింగు మామయ్య, దుబాసీ పెట్టె

ఊరి సమావేశ మందిరంలో ఏళ్ల తరబడి మోగుతున్న ‘గుంయ్’ అనే రొద చేత నోరు మూయించడం టెస్టింగు మామయ్య సాధించిన మొదటి విజయం. అందుకోసం ఆయన మందిరం పైకప్పులో బొద్దింకలతో కలిసి కాపురం చేశాడు. నిచ్చెన మీంచి పడ్డాడు. లేచి మళ్లీ అదే నిచ్చెన ఎక్కాడు. చివరికి మైకు తీగా దీపాల తీగా ఒకదాన్నొకటి కావలించుకుని పోవడమే రోగమని కనిపెట్టి, ఆ రెంటికీ విడాకులిప్పించాడు. రొద పోయింది. అధ్యక్షుడుగారు ఏం మాట్లాడుతున్నారో జనానికి మొట్టమొదటిసారి స్పష్టంగా వినపడింది. ఆ తర్వాతి ఎన్నికల్లో ఆయన ఓడిపోయాడు.

ఇంత ఘనకార్యం చేసినవాడు మీసం దువ్వుకుంటూ ఇంటికి పోవాలి కదా. పోలేదు. శభాష్ అన్నవాళ్లందరికీ ఒకటే జవాబు చెప్పాడు. “ఇంకా టెస్టింగే.” ఆయన ఒక్క పనినైనా పూర్తయిందని ఒప్పుకున్న పాపాన పోలేదు. పల్లెబడిలో పలక పట్టిన నాటి నుంచీ అంతేనట. లెక్క సరిగ్గా వచ్చినా చెరిపేసి మళ్లీ చేసేవాడట. బస్టాండులో ప్రకటనల మైకు ఆయన చలవే. గ్రంథాలయం మూసేవేళ మోగే గంట ఆయన బిగించిందే. ఇళ్లల్లో కట్టిన పాటల రికార్డింగు గదులకైతే లెక్కే లేదు. అన్నీ నిక్షేపంలా పనిచేస్తున్నాయి. అన్నీ ఆయన దృష్టిలో టెస్టింగులోనే ఉన్నాయి. “మీ ఆయన నిన్ను బాగా చూసుకుంటాడా?” అని ఎవరో అడిగితే, తలనెరిసిన అత్తయ్య కూడా తొణక్కుండా “ఇంకా టెస్టింగే” అంది.

అలాంటి మామయ్యకు కబురు పెట్టాల్సిన అవసరం మేనకోడలికి వచ్చింది.

ఆమె చిన్నపిల్లల బడిలో టీచరు. కథ మొదలుపెట్టిందంటే గోలచేసే తరగతంతా నోళ్లు తెరుచుకుని కూచునేది. ఆ బడి మూతపడింది. పుస్తకాలు చదివి వినిపించే కంపెనీ ఒకటి ఉంది. అక్కడ పనిచేసే ఎడిటరమ్మ కొడుకు ఒకప్పుడు ఈ టీచరు తరగతిలోవాడే. “మా కథలు మీరు చదవండి” అని ఆవిడ పిలిచింది. మేనకోడలు సంబరంగా వెళ్లింది. స్టూడియోలో అద్దం వెనక ఎర్ర దీపం వెలిగింది. అంతే, గొంతు పట్టేసింది. కథ సంగతి దేవుడెరుగు, సొంత పేరు కూడా పైకి రాలేదు. రెండోసారి వెళ్లినా అదే తంతు. ఎడిటరమ్మ మంచిదే గానీ ఆవిడ చేతుల్లో ఏమీ లేదు. “ఇంట్లో రికార్డు చేసి ఒక్క కథ పంపండి. శుక్రవారం సాయంత్రం దాకా ఆపగలను. తర్వాత ఈ పని ఇంకొకరికి పోతుంది” అంది.

ఆ పని పోతే వేరే పని కనుచూపు మేరలో లేదు. మేనకోడలు ఆదివారం పొద్దున్నే మామయ్యకు ఫోను చేసింది. సాయంత్రానికల్లా మామయ్య, ఆయన వెనక తీగల సంచి, దాని వెనక అత్తయ్య దిగారు.

మర్నాడే ముగ్గురూ దుకాణానికి వెళ్లారు. మైకులో మాట్లాడిన మాట కంప్యూటరుకు సూటిగా అర్థం కాదు. మధ్యలో ఒక పెట్టె ఉండాలి. దుకాణంవాళ్లు దాన్ని ఆడియో ఇంటర్‌ఫేస్ అంటారు. ఇద్దరి భాషా తెలిసి మధ్యవర్తిత్వం చేస్తుంది కాబట్టి మామయ్య దానికి ‘దుబాసీ’ అని పేరు పెట్టాడు.

దుకాణం యజమాని అలమర పొడుగున్న పెట్టె ఒకటి కిందికి దించాడు. “ఇది తీసుకోండి సార్. ఎనిమిది మైకులు పెట్టుకోవచ్చు.”

మామయ్య మేనకోడలి వైపు తిరిగాడు. “అమ్మడూ, నీకు నోళ్లెన్ని?”

“ఒకటే మామయ్యా.”

“మీ అత్తయ్యకైతే ఎనిమిదీ చాలవు. నీకు ఒకటి సరిపోతుంది.”

“నా నోటి జోలికి రాకపోతే ఈయనకు బేరం కుదరదు” అంది అత్తయ్య యజమానితో.

“ముందు ముందు పాటల బృందం పెట్టుకుంటే పనికొస్తుందండీ” అన్నాడు యజమాని.

“పెట్టుకున్నాక బృందంతో సహా వస్తాం. ప్రస్తుతానికి రెండు కన్నాల పెట్టెలు చూపించండి.”

బల్ల మీదికి అయిదారు వచ్చాయి. మామయ్య మైకు తగిలించకుండానే హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఒక్కో పెట్టెకూ చెవి మెలేసినట్టు మీట పూర్తిగా తిప్పి, కళ్లు మూసుకుని వింటూ కూచున్నాడు.

యజమాని కాసేపు ఓపిక పట్టాడు. “ఏం వినపడుతోంది సార్?”

“ఏమీ వినపడట్లేదు.”

“మరింకేం. బాగున్నట్టేగా.”

“ఏమీ వినపడకపోవడంలో రకాలున్నాయండీ. ఈ పెట్టెలో ‘స్స్’ మంటూ ఏమీ వినపడట్లేదు. దీంట్లో ఎవరో పక్కగదిలో నిద్రపోతున్నట్టు ఏమీ వినపడట్లేదు. నాకు అచ్చంగా ఏమీ వినపడనిది కావాలి.”

యజమాని నవ్వబోయి, తనూ హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. కాసేపటికి ఆయన ముఖం వాడిపోయింది. కొత్తగా వచ్చిన కొనుగోలుదారు పిలుస్తుంటే వేలు పెదవుల మీద పెట్టి “ష్, నిద్రపోతున్నారు” అన్నాడు.

చివరికి ఒకటి కుదిరింది. దాని పక్కనే ఇంకొకటి ఉంది. దాని నుదుటి మీద అరచేతంత ఎర్ర వెలుగు. “రికార్డింగు మొదలైతే ఇల్లంతా తెలుస్తుంది సార్” అని యజమాని మురిసిపోయాడు.

“ఇది పెట్టెనా, అంబులెన్సా?” అని మామయ్య దాన్ని అవతలికి తోశాడు. బొటనవేలితో కప్పేయగలిగినంత చిన్న దీపమున్న పెట్టె సంచిలో పడింది.

ఇంటి వెనక గదిలో పని మొదలైంది. గోడలకు దుప్పట్లు కట్టారు. కంప్యూటరు పంకా చప్పుడు చేస్తుందని దాన్ని పక్కగదిలోకి తరిమి, సన్నతీగను తలుపు కిందనుంచి పాకించారు. మైకు నుంచి లావు తీగ దుబాసీకి, దుబాసీ నుంచి సన్నతీగ కంప్యూటరుకు, హెడ్‌ఫోన్లు దుబాసీకే. మైకు తెరిచినప్పుడు స్పీకర్లు మూసేయాలి, లేకపోతే ఆ గొంతు ఈ చెవిలో, ఈ గొంతు ఆ చెవిలో పడి ఇద్దరూ కేకలు వేసుకుంటారని మామయ్య చెప్పాడు. చెప్పి ఊరుకోక చేసి చూపించాడు. ‘కీఁ’ మన్న ఆ కూతకు వంటింట్లో మేనకోడలి తల్లి చేతిలోంచి పళ్లెం జారి పడింది.

“ఏమైందిరా తమ్ముడూ?”

“ఏం కాలేదక్కా. ఇలా చేయకూడదని చేసి చూపిస్తున్నాను.”

తర్వాత నిశ్శబ్దం మీద దండయాత్ర. పంకాలు ఆగిపోయాయి. గోడగడియారాన్ని టిక్కుటిక్కుమన్న నేరానికి పెరట్లోకి బహిష్కరించారు. ఫ్రిజ్జు కూడా మూలుగుతోందని దాని ప్లగ్గు పీకేసి, ఆ సంగతి మరిచిపోయాడు మామయ్య.

“పాలు విరిగిపోయాయిరా” అని తల్లి గిన్నె పట్టుకొచ్చింది.

“విరిగేటప్పుడు చప్పుడు చేయలేదు కదా. పాలకున్నంత బుద్ధి మన ఇంట్లో ఇంకెవరికీ లేదు.”

ఇంత చేసినా మైకు పలకలేదు. మామయ్య తీగలన్నీ విప్పాడు. అటుది ఇటు, ఇటుది అటు మార్చాడు. ఊదాడు. తుడిచాడు. దుబాసీని ఒళ్లో పెట్టుకుని బుజ్జగించాడు. గుమ్మంలో చిక్కుళ్లు వలుస్తున్న అత్తయ్య లేచి వచ్చి, పెట్టె మీద ఒక బొత్తాం నొక్కింది. ఆ రకం మైకు బతకాలంటే దుబాసీ దానికి కాస్త కరెంటు పంపాలి, అది పంపే బొత్తామది. మైకు బతికింది.

మామయ్య గొంతు సవరించుకున్నాడు. “నువ్వు నొక్కుతావో లేదో చూద్దామని ఆగాను.”

“చూశారుగా. ఇక వలవండి” అని చిక్కుళ్ల బుట్ట ఆయన చేతికిచ్చింది.

మైకు పలికింది కదా, పని అయిపోయిందనుకుంది మేనకోడలు. ఎక్కడ. మంగళవారం మామయ్య మళ్లీ తీగలన్నీ పీకాడు. బుధవారం మైకును కిటికీ వైపు తిప్పాడు. గురువారం గోడ వైపు తిప్పాడు. ప్రతిసారీ ఆమెను మైకు ముందు కూచోబెట్టి ఏదో ఒకటి మాట్లాడమనేవాడు. మొదటిరోజు ఆమె పెదవులు ఆరిపోయాయి. రెండోరోజు చెమట పట్టింది. మూడోరోజు కూరగాయల పేర్లు చెప్పమంటే చెప్పింది. గురువారం సాయంత్రానికి ఆ మైకును చూస్తే వీధిలో పొద్దస్తమానం కనిపించే కరెంటు స్తంభాన్ని చూసినట్టుంది.

“మామయ్యా, రేపే శుక్రవారం. అసలు పని ఎప్పుడు మొదలుపెడతాం?”

“ఇంకా టెస్టింగే అమ్మడూ. ‘స’ అన్నప్పుడు ఈల వేస్తోంది.”

“నాకేం వినపడట్లేదు.”

“ఏమీ వినపడకపోవడంలో...”

“రకాలున్నాయి. తెలుసు.”

శుక్రవారం మధ్యాహ్నమైంది. మామయ్య పక్కగదిలో కంప్యూటరు ముందు కూచుని తలుపు సందులోంచి అడిగాడు. “గొంతు ఎంత పెద్దగా పడుతోందో లెవెల్ చూసుకోవాలి. ఏదైనా చదువు.”

“కూరగాయలా?”

“అవి అయిపోయాయి. చేతిలో ఆ కథ ఉందిగా, అదే చదివేయ్. కానీ బాగా చదవకు. బాగా చదివితే లెవెల్ తెలియదు.”

కంపెనీ ఇచ్చిన కథ అది. వానాకాలంలో గొడుగులు అద్దెకిచ్చే ఎలుక కథ. మేనకోడలు విసుగ్గా మొదటి పేజీ చదివింది.

“చాలదు. ఇంకో పేజీ.”

చదివింది. ఏనుగు వచ్చి తన కొలతకు గొడుగు అడిగే చోట, ఆమెకు తెలియకుండానే ఏనుగు గొంతు వచ్చేసింది. గొంతు వచ్చాక తొండం ఊపకుండా ఎలా ఉంటుంది? చెయ్యి ఊపింది. “అంత గొడుగు కుట్టాలంటే ఆకాశాన్ని కత్తిరించాలండీ” అని ఎలుక విన్నవించుకునే చోట ఫక్కున నవ్వింది. నవ్వి, ఆ నవ్వు మీదే తర్వాతి వాక్యం అందుకుంది. గుమ్మంలో తల్లి ఎప్పుడొచ్చి నిలబడిందో, అత్తయ్య ఎప్పుడు చతికిలబడిందో ఆమె చూడలేదు. విసుగు ఏ పేజీలో దిగిపోయిందో కూడా ఎరగదు. ఏనుగు అరటాకు పట్టుకుని ఇంటికి చేరాక పుస్తకం మూసింది.

“కుదిరిందా మామయ్యా లెవెల్?”

“కుదిరింది.”

ఆ మాట ఆయన నోట పుట్టి బుద్ధెరిగాక ఎవరూ వినలేదు. అత్తయ్య తలెత్తి చూసింది. మేనకోడలు మాత్రం అది గమనించే స్థితిలో లేదు. నీళ్లు తాగింది. వెన్ను నిటారుగా పెట్టింది. గొంతు అప్పుడే బిగుసుకుంటోంది. “సరే. ఇప్పుడు అసలుది మొదలుపెడదాం.”

మామయ్య లోపలికొచ్చి హెడ్‌ఫోన్లు ఆమె చెవులకు పెట్టాడు. తన గొంతే. ఎలుక, ఏనుగు, వాన, మధ్యలో ఆ నవ్వు. వెనకాల అచ్చంగా ఏమీ లేదు. ఆమె దుబాసీ వైపు చూసింది. చిన్న దీపం మీద నల్లటేపు ముక్క అంటించి ఉంది.

“రికార్డు చేశావా?”

“టెస్టింగు కోసం చేశాను. నచ్చితే పంపు. నచ్చకపోతే చెరిపేస్తాను. నీ ఇష్టం.”

ఆమె మొదటినుంచీ చివరిదాకా విన్నది. తర్వాత లేచి వెళ్లి, తన చేత్తోనే కంపెనీకి పంపింది. సాయంత్రం టీ తాగే వేళకు ఎడిటరమ్మ ఫోను. “ఆ నవ్వు తీసేయకండి” అంది ముందు. తర్వాతి పుస్తకం ఎప్పుడు మొదలుపెడతారని అడిగింది.

మామయ్య తీగల సంచి సర్దుకుంటున్నప్పుడు మేనకోడలు వంటింట్లో అత్తయ్యను పట్టుకుంది. “నిజం చెప్పత్తయ్యా. ఆ పెట్టె ఎప్పుడు కుదిరింది?”

“సోమవారమే. ఆ తర్వాత పీకి పెట్టిందంతా నీకోసమే. నీకు ఆ మైకంటే రోత పుట్టాలట. భయమున్న చోట గొంతు రాదట గానీ, విసుగున్న చోట తన్నుకుంటూ వస్తుందట. ఇదివరకు ఎంతమంది పాటగాళ్లను ఇలాగే ఏడిపించాడో నీకేం తెలుసు. వాళ్లంతా ఈయనకు తీగలు కలపడం చేతకాదనుకుంటారు. ఈయన అనుకోనిస్తాడు.”

“అంటే ఆ బొత్తాం నొక్కకపోవడం కూడా కావాలనేనా?”

“అదా?” అత్తయ్య నవ్వాపుకోలేకపోయింది. “అది మాత్రం నిజంగానే మరిచిపోయాడు.”

మామయ్య అటునుంచటే ఇంకో ఊరు వెళ్లాడు. అక్కడ ఒక రిటైరైన డ్రైవరు జీవితమంతా బండిలో పాడుకున్న పాటలు రికార్డు చేయాలనుకుంటున్నాడు. మనిషి ఎదురుగా ఉంటే పాడలేడట. అత్తయ్య ఇద్దరికీ బట్టలు సర్దింది. ఆ పని ఎన్నాళ్లు పడుతుందో తనకే తెలియదన్నాడు మామయ్య.

రెండో పుస్తకం వచ్చింది. మేనకోడలు తనే తలుపులు మూసుకుంది. తనే తీగలు కలిపింది, బొత్తాం నొక్కింది, టేపు ముక్క కూడా పీకేసి దీపాన్ని ఎర్రగా వెలగనిచ్చింది. మూడు అధ్యాయాలు చదివేసింది. హెడ్‌ఫోన్లలో ఒక్క పొల్లు చప్పుడు లేదు. కానీ ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది. తల్లి కూడా ఫ్రిజ్జు వంక చూసి “వాడుంటే ఈపాటికి దీన్ని చంపేసేవాడు” అని నిట్టూర్చింది. మేనకోడలు కాసేపు ఆలోచించి ఫోను తీసింది.

“మామయ్యా, పెట్టెలో ఏదో తేడాగా ఉంది.”

“ఎలా ఉంది?”

“ఎవరో పక్కగదిలో నిద్రపోతున్నట్టు.”

ఆయన నమ్మాడో, నమ్మినట్టు నటించాడో అత్తయ్యే చెప్పాలి. ఆవిడ నవ్వు మాత్రం వెనకాల సన్నగా వినపడింది.

“ఏదీ ముట్టుకోకు. ఇక్కడ డ్రైవరుకు విసుగు పుట్టడం మొదలైంది, ఇక పాడకుండా ఎంతోసేపు ఆగడు” అన్నాడు మామయ్య. “పదిహేడో తారీఖు, శనివారం పొద్దున బండికి వస్తున్నాం.”