మాష్టారు చింపనివ్వని పాటలు

మా మాష్టారు మంగళవారం పొద్దున్న పోయారు. నర్సీపట్నం కాలేజీలో మాకు తెలుగు చెప్పినాయన. "కాఫీ అడిగారటండి, తెచ్చేలోపే..." అన్నాడు కబురు తెచ్చినతను. కాఫీ అడిగి చల్లార్చేయడం ఆయనకు పాత అలవాటే కదా అనుకుని, ఆ తర్వాత ఏడ్చాను.

ఆయనకు జనం పాటలంటే పిచ్చి. స్పెయిన్ ఎన్నడూ చూసింది లేదు. కానీ పంతొమ్మిదివందల డెబ్బైలలోనే ఆ దేశపు జనం పాటల గురించి ఇంగ్లీషులో దొరికిందల్లా తెప్పించుకుని చదివారు.

"పాటని జాతంతా కలిసి కట్టిందన్నారు జర్మనీవాళ్ళు. కాదు, ఒక కవి కడితే జనం పాడుచేశారన్నారు ఇంకొందరు. స్పెయిన్ పండితుడు, పెద్దాయనొకడు ఇద్దరికీ సర్దిచెప్పాడమ్మా. మొదట కట్టేది ఒక్కరే, పాడిన ప్రతివాళ్ళూ మళ్ళీ కడతారన్నాడు" అనేవారు. ఆ పెద్దాయన సొంత మేనమామ అయినట్టే ఉండేది ఆ ధీమా.

నేను పరిశోధనకు ఊడ్పుల పాటలు, అంటే వరినాట్లప్పుడు పాడేవి, తీసుకున్నాను. నాతవరం మడుల్లో ముగ్గురు ఆడవాళ్ళు ఒకే పాటను మూడు రకాలుగా పాడారు. నేను తెలివిగా మంచి చరణాలు ఏరి, ఒక్క పాటగా కుదిర్చి, 'అసలు పాట' అని పేరు పెట్టి, రాసుకున్న కాగితాలు చింపేశాను. నెలలో సిద్ధాంతగ్రంథం సమర్పిస్తే లెక్చరర్ ఉద్యోగం ఖాయం.

మాష్టారు చదివి కళ్ళజోడు తీశారు. "ముగ్గురు పాడితే నువ్వు నాలుగో పాట కట్టావు. తప్పులేదు. ఆ మూడూ ఎందుకు చింపావు? మళ్ళీ వెళ్ళి రాసుకురా."

"ఉద్యోగం పోతుందండీ."

"ఇంకోటి వస్తుంది. ముందు ఊడ్పులు రానీ."

ఏడాది ఆగాను. ఉద్యోగం పోయింది. రెండు నెలలు ఆయన ఇంటి గడప తొక్కలేదు, అంత కోపం. వానలు పడగానే ఆయనే వచ్చి నన్ను బస్సెక్కించారు. పోయినేడు పాడినట్టే పాడమని ఆ ముగ్గురిలో ఒకామెను అడిగితే నవ్వేసింది.

"అది పోయినేటి పాటమ్మా. ఇప్పుడు మా కోడలొచ్చింది, దాన్నీ పాటలో ఏసీసినాను."

గట్టు మీద మాష్టారి మొహం చూడాలి! నేను చింపినవి ఇక ఎవరూ పాడరు; నన్ను ఎందుకు ఆపారో ఆ రోజు తెలిసింది. ఆ తర్వాత నేను చేసిన పని ఏదైనా నిలబడిందంటే ఆ చీవాట్ల వల్లే.

నిన్న నాతవరం వెళ్ళాను. ఊడ్పులు జరుగుతున్నాయి. మాష్టారు పోయారని చెబితే, ఆనాడు నవ్విన ఆమె నాటడం ఆపలేదు, పాట మాత్రం ఆగింది. కాసేపటికి మళ్ళీ ఎత్తుకుంది.

"గట్టు మీది అయ్యోరు ఏ ఊరెల్లారే..."

ఇంతకుముందు లేని చరణం. వరసంతా అందుకున్నారు. ఆ చివరనున్న ఆమె కోడలు మాత్రం అప్పుడే మార్చేసింది.

"గట్టు మీది అయ్యోరు ఏ ఊరూ ఎల్లనేదే..."

రెండూ రాసుకున్నాను.