మేకు కొట్టని బల్ల

నా చిన్నప్పుడు మా ఇంటికీ పక్కింటికీ మధ్య హద్దులో ఒక నిద్రగన్నేరు చెట్టు ఉండేది. మాది నందిగామకీ జగ్గయ్యపేటకీ మధ్య, హైవే నుంచి లోపలికి నడిచి వెళ్ళాల్సిన ఊరు. నేను పుట్టకముందే పోయిన మా తాతయ్య ఆ హద్దు వెంట ముళ్ళతీగ కంచె వేశాడట. చెట్టు దగ్గరికొచ్చేసరికి వేరే గుంజ పాతకుండా, తీగను చెట్టుకే ఆనించి మేకు కొట్టాడు. అదీ పక్కింటి వైపు నుంచి కొట్టాడు, అవతలి గేదెలు వచ్చి ఒరుసుకున్నా తీగ ఊడిరాకుండా. అంటే కంచె చెట్టుకి అవతల. చెట్టు పూర్తిగా మా దొడ్లోది.

ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, నేను చెప్పబోయేది మూడడుగుల నేల సంగతి, దాన్ని మా దగ్గర కాజేసిన మనిషి సంగతి. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. పోయినవాళ్ళను తలచుకుంటే మంచే మాట్లాడాలంటారు. నాకు ఆయన గురించి మాట్లాడటానికి మంచి ఏమీ దొరకలేదు. వెతికాను కూడా.

అప్పుడు నాకు పదకొండేళ్ళు. వేసవి సెలవుల్లో మైలవరంలో బంధువుల పెళ్ళికి వెళ్ళి, మూడు రోజుల తర్వాత తిరిగొచ్చాం. గేటు తీయగానే మా నాయనమ్మ ఆగిపోయింది. దొడ్లో ఎప్పుడూ లేనంత ఎండ ఉంది. చెట్టు లేదు. కొమ్మలన్నీ నరికి వంటచెరకు కింద అప్పుడే తోలేశారు. మాను మాత్రం, కదలదు గనుక, అడ్డంగా పడి ఉంది. పాత కంచె పీకేసి, మా వైపుకి మూడడుగులు జరిపి, కొత్త రాతి స్తంభాలు పాతారు. నేలలో మిగిలిన మొద్దు ఇప్పుడు వాళ్ళ కంచె లోపల ఉంది. పక్కింటాయనకి రెండు సిమెంటు లారీలుండేవి. మూడోది కొంటున్నాడు. అది దొడ్లో తిరగడానికి చోటు కావాలి. అంతే, అంతకుమించి కారణం లేదు.

మా నాన్న కేకలు వేశాడు. వీధంతా పోగయింది. ప్రెసిడెంటుగారు కూడా వచ్చారు. పక్కింటాయన తడబడలేదు సరికదా, నవ్వుతూ మా నాయనమ్మ వైపు తిరిగాడు.

"చెట్టు మా స్థలంలోదే పిన్నిగారూ. ఇన్నాళ్ళూ నీడ మీరు అనుభవించారు, ఏనాడన్నా అడిగానా? పోనీయండి, ఆ దుంగ మీరే తీసుకోండి. పొయ్యిలోకి పనికొచ్చిద్ది."

మా దుంగను మాకే దానం చేశాడు. గుంపులో ఎవరో, "పెద్ద మనసు" అన్నారు కూడా. ఆ గొంతు ఎవరిదో నాకు తెలుసు, ఇప్పటికీ ఆ ఇంటివాళ్ళ శుభలేఖలు వస్తే నేను వెళ్ళను. ప్రెసిడెంటుగారు మా నాయనమ్మతో, "ఇచ్చాడు కదా అత్తయ్యా, సర్దుకుపోండి. పక్కపక్కన ఉండాల్సినవాళ్ళు" అన్నారు. మా నాన్న నందిగామ స్టేషనుకి వెళ్తానని చొక్కా తొడుక్కుంటుంటే నాయనమ్మ ఆపింది. మాను దగ్గరికి వెళ్ళి, బెరడు మీద చెయ్యి పెట్టి కాసేపు తడిమింది.

"ఇస్తున్నావా అబ్బాయ్? అందరి ముందూ ఇచ్చినట్టేగా?"

"ఇచ్చేశా, తీసుకోండి."

నాయనమ్మ తల ఊపింది. ఆ రోజు నాకు పక్కింటాయన మీద ఎంత కోపం వచ్చిందో, మా నాయనమ్మ మీద అంతకంటే ఎక్కువ వచ్చింది.

మర్నాడు ఆవిడ వడ్రంగి తాతను పిలిపించింది. మా ఊళ్ళో సగం గుమ్మాలు ఆయన చెక్కినవే. ఆయన మానును కాలితో తన్ని, "నిద్రగన్నేరుతో బల్లేంటమ్మా? సరే, పై బెరడంతా చెక్కేసి తిన్నగా చేయిస్తా" అన్నాడు. నాయనమ్మ నన్ను గేటు వేసి రమ్మంది. నేను వచ్చేసరికి ఆయన వేలు పట్టుకుని బెరడులో ఒక చీలిక దగ్గర పెట్టించింది. ఆయన ముఖం మారింది. నన్ను కూడా పెట్టనిచ్చారు. లోపల చల్లగా ఇనుము తగిలింది. తాతయ్య కొట్టిన మేకు, దాన్ని పట్టుకుని బెత్తెడు తీగ. కంచె పీకినప్పుడు బయటి తీగ తెగి వచ్చేసింది. చెట్టు మింగిన ముక్క మాత్రం, పెదాలు మూసుకున్నట్టు కర్ర చుట్టూ పెరగడంతో, లోపలే ఉండిపోయింది.

నేను ఎగిరి గంతేశాను. ఇప్పుడే ప్రెసిడెంటుగారిని పిలుద్దామన్నాను. నాయనమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మనం చూపిస్తే మనమే కొట్టామంటాడు. నిన్న వాణ్ణి పెద్ద మనసన్నవాళ్ళు ఇవాళ మనల్ని నమ్ముతారా? వాడి వేలితోనే చూపించాలి. అందాకా నీ నోట్లోంచి ఈ మాట జారిందో, చెట్టుతో పాటు నేల కూడా పోయినట్టే."

వడ్రంగి తాత మెల్లగా నవ్వాడు. "అయితే ఈ అంచు ఇట్టాగే ఉంచుతానమ్మా. బల్లలో ఒక్క మేకు కూడా కొట్టను. కొడితే వాడు, ఇదీ నువ్వు కొట్టిందేనంటాడు. ఇందులో ఇనుమంటూ ఉంటే అది పెద్దయ్యగారు కొట్టిందే అయ్యుండాలి."

నందిగామలో కోత మిషను దగ్గర మానును నిలువునా కోయించి, మేకున్న అంచు ఒకవైపు, మా దొడ్డివైపు అంచు రెండోవైపు వచ్చేలా ఒక దళసరి పలక తెచ్చారు. పచ్చి కర్రతో బల్ల చేస్తే మెలి తిరుగుతుందని, దాన్ని పశువుల పాక నీడలో ఇటుకల మీద ఆరబెట్టారు. అయిదు నెలలు. ఆ అయిదు నెలల్లో నేను పడ్డ బాధ పరీక్షలప్పుడు కూడా పడలేదు.

మొద్దు చిగుళ్ళు వేసేది, పక్కింటాయన నరికించేవాడు. వేళ్ళు పెకలించడానికి కూలీలు దొరకడం లేదని వాయిదా వేసేవాడు. దాని మీద చెత్త పోసి అంటించాడు కూడా. పచ్చిది, పైన నల్లబడింది తప్ప రాజుకోలేదు. చెట్టు కొట్టినప్పుడు రాలి వాళ్ళ కంచె లోపల ఉండిపోయిన నిద్రగన్నేరు కాయలు మేకలకి వేద్దామని ఒకసారి నేను చెయ్యి పెట్టి ఏరుకుంటుంటే, మా బడి పిల్లల ముందే, "ఏయ్ దొంగపిల్లా, మా స్థలంలో నీకేం పని? అలవాటైపోయిందా మీ ఇంటోళ్ళకి?" అన్నాడు. పిల్లలు నవ్వారు. ఆ సాయంత్రం నేను ఒక మంచి రాయి చూసుకుని, ఆయన కొత్త లారీ అద్దానికి గురిపెట్టాను. వెనక నుంచి నాయనమ్మ వచ్చి రాయి తీసుకుంది. కొట్టలేదు, తిట్టలేదు.

"అద్దం పగిలితే వాడికి ఇంకో అద్దం వస్తుంది. నీకు మాత్రం వాడు పెట్టిన పేరు నిజమవుతుంది. వాడు నిన్నేమన్నాడో గుర్తుపెట్టుకో. మర్చిపోకు. కానీ చెయ్యి కిందికి దించు" అంది.

మర్చిపోవద్దని నాకు చెప్పిన పెద్దవాళ్ళలో ఆవిడొక్కతే. మిగతా అందరూ మర్చిపొమ్మన్నారు.

దసరా వెళ్ళాక వడ్రంగి తాత పని మొదలుపెట్టాడు. పలక పైభాగం చిత్రిక పడుతుంటే నడుమ ముదురు గోధుమరంగు, అంచుల వైపు లేత పసుపు బయటపడ్డాయి. ఆరేసరికి బెరడు దానంతటదే రాలిపోయింది. దాని కింద అంచు చెట్టు పెరిగిన వంపుతోనే ఉంది, ఎక్కడా గీత గీసినట్టు లేదు. కాళ్ళకీ కాళ్ళను కలిపే చట్రానికీ తుమ్మకర్ర తీసుకున్నాడు. ఒక ముక్క కొసను నాలుకలా చెక్కి, రెండో ముక్కలో దానికి సరిపడా ఉలితో తొలిచి, ఒకదాన్లోకి ఒకటి దించి, అడ్డంగా కర్ర చీల కొట్టేవాడు. వెంట్రుకవాసి వదులుగా ఉన్నా ఆ ముక్క పారేసి మళ్ళీ మొదలుపెట్టేవాడు. పలకను చట్రం మీద నిలిపింది కూడా నాలుగు చీలలే. మేకు లేకుండా బల్ల చేస్తున్నాడని ఊళ్ళో మాట పాకింది. పాకాలనే ఆయన టీకొట్టు దగ్గర రోజూ చెప్పేవాడు.

కార్తీకమాసంలో నాయనమ్మ మా అమ్మానాన్నల చేత సత్యనారాయణ వ్రతం పెట్టించి వీధి మొత్తాన్నీ పిలిచింది. పక్కింటి గుమ్మంలోకి మా అమ్మను వెంటబెట్టుకుని తనే వెళ్ళి, ఆయన భార్యకి బొట్టు పెట్టించి మరీ పిలిచింది. మా అమ్మ నోరెళ్ళబెట్టింది. వ్రతం అయ్యాక ప్రసాదం గిన్నెలన్నీ వరండాలో ఆ కొత్త బల్ల మీద పెట్టారు.

పక్కింటాయనకి ఒక గుణం ఉండేది. ఏ ఇంటికి వెళ్ళినా తప్పు పట్టందే మెతుకు దిగదు. నాయనమ్మ ఆ గుణాన్నే నమ్ముకుంది.

"ఏమయ్యా, అంచు తిన్నగా తీయడం కూడా చేతకాలేదా? ఎలకలు కొరికినట్టుంది."

"ముసలోణ్ణండీ, కళ్ళు ఆనట్లా," అన్నాడు వడ్రంగి తాత. "కానీ ఒక్క మేకు కొట్టలేదండి. మొత్తం కర్ర చీలలే."

"ఎవరికి చెప్తున్నావ్? లారీ బాడీలు కట్టించేవాణ్ణి, నాకు తెలీదా? కనపడకుండా ఎక్కడో కొట్టుంటావ్."

"చూస్కోండి బాబూ. కనపడితే నా ఉలి మీకిచ్చేస్తా. మీరే వడ్రంగం చేద్దురుగాని."

అందరూ నవ్వారు. ఆయనకి రోషం వచ్చింది. పట్టుపంచె పైకి కట్టి బల్ల కిందికి దూరాడు. చట్రమంతా తడిమాడు. పైకి లేచి అంచు వెంట వేలు పోనిచ్చాడు. నా చేతిలో ప్రసాదం ముద్దయిపోయింది. వేలు ఆ చీలిక దాటి వెళ్ళిపోయింది. నాకు కేక వేయాలనిపించింది. నాయనమ్మ అటు చూడనైనా చూడకుండా ప్రెసిడెంటుగారికి ఇంకొంచెం ప్రసాదం వడ్డిస్తోంది. ఆయన బల్ల చివరిదాకా వెళ్ళి, వెనక్కి వస్తూ, ఆగాడు. వేలు లోపలికి దిగింది.

"పట్టా! ఇదిగో మేకు! రండి ప్రెసిడెంటుగారూ, మీరే చూడండి. అబద్ధాలకోరు ముసలాడు!"

ప్రెసిడెంటుగారు వేలు పెట్టి, "మేకేనయ్యా" అన్నారు. ఇంకో నలుగురు పెట్టి చూశారు.

"మేకేనండీ," అన్నాడు వడ్రంగి తాత చేతులు కట్టుకుని. "బాబుగారు బాగా పట్టారు. నేను కొట్టింది మాత్రం కాదు. దాని చుట్టూ కర్ర ఎట్టా పెరిగి మూసుకుందో చూడండి. ఏళ్ళు పడుతుంది అట్టా పెరగడానికి. పక్కన ముళ్ళతీగ కూడా ఉంది, అదీ చూడండి."

 అప్పుడు నాయనమ్మ గరిటె కింద పెట్టింది.

"ఆ దుంగ అందరి ముందూ నువ్వే ఇచ్చావు అబ్బాయ్. అందులో కంచె మేకు కూడా అందరి ముందూ నువ్వే పట్టావు. ఆ కంచె చెట్టుకి ఏ వైపుందో, అది కూడా నువ్వే చెప్పు."

ఆయన ఏదో గొణిగాడు. పలకలో ఏ అంచు ఎవరి వైపుదో ఎవరికి తెలుసన్నాడు. వడ్రంగి తాత కొయ్యసుత్తితో నాలుగు చీలలు తట్టి తీశాడు. పలక చట్రం నుంచి విడివడి వచ్చింది. నలుగురు మోసుకెళ్ళి దాన్ని మొద్దు మీద నిలబెట్టారు. మా దొడ్డివైపు అంచున పైనుంచి కిందికి ఒక లోతైన గాడి ఉంది. మొద్దుకీ మా వైపున అదే గాడి. రెండూ ఒకే గీతలో కలిశాయి. మేకు పక్కింటి వైపు తిరిగి ఉంది.  ప్రెసిడెంటుగారు ఆయన వైపు తిరిగి, "రేపు పొద్దున రాళ్ళు వెనక్కి జరుపు" అన్నారు.  సర్దుకుపొమ్మన్నందుకు ఆయన మమ్మల్ని క్షమించమని అడగలేదన్న సంగతి కూడా నాకు గుర్తుంది.

మర్నాడు రాతి స్తంభాలు పీకుతుంటే నేను బడికి వెళ్ళలేదు. పీట వేసుకుని కూర్చుని, ఆఖరి రాయి లేచేదాకా చూశాను. ఎండలో తల నొప్పి పుట్టింది, లేవలేదు. నాయనమ్మ కూలీలకి మజ్జిగ ఇచ్చి, ఒక గ్లాసు పక్కింటాయనకి కూడా పట్టుకెళ్ళింది. ఆయన తీసుకున్నాడు గానీ తాగలేకపోయాడు. గ్లాసు చేతిలో పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక అలా నిలబడ్డాడు. మజ్జిగ ఇవ్వడం మంచితనమని మా అమ్మ అనుకుంది. నాకు తెలుసు, కాదు. ఆ ఏడాదంతా నేను చూసినవాటిలో నన్ను అంత తృప్తిపరిచింది ఇంకోటి లేదు.

పెద్దయ్యాక ఈ కథ చెబితే, ఇంత పగ దేనికి, మూడడుగులేగా అంటారు. అవును, మూడడుగులే. నన్ను దొంగ అన్నది కూడా ఒక్కసారే. లెక్క ఎంతైనా, మర్చిపోవాల్సింది నేనే ఎందుకవ్వాలో ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. నేను టీచరుగా చేరాక పైవాళ్ళూ పక్కవాళ్ళూ తమ తప్పులు నా మీదికి నెట్టాలని చూసిన సందర్భాలు చాలా ఉన్నాయి. కొత్తలో ఒంటికాలి మీద లేచేదాన్ని. అప్పుడల్లా ఓడిపోయాను. ఇప్పుడు గొంతు పెంచను. నన్ను ఎవరు ఏమన్నారో ఒక్క మాట పొల్లుపోకుండా మనసులో ఉంచుకుంటాను. వాళ్ళు ఇంటికొస్తే కుర్చీ వేస్తాను, కాఫీ ఇస్తాను, మాట్లాడనిస్తాను. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు తగలను.