తొమ్మిదో ఏటి ఒడిబియ్యం

కోరుట్లలో మా వాడకట్టులో ఎవరింట్లో ఏ శుభకార్యం తలపెట్టినా ముందు నా దగ్గరికి వచ్చి, తర్వాత పంచాంగం చూసే అయ్యగారి దగ్గరికి పోతారు. ఎవరి పిల్ల ఏ తిథి నాడు పుట్టింది, ఎవరి పెళ్ళికి ఎన్నేళ్ళు నిండాయి అన్నది నాకు నోటిమీద ఉంటుంది. ఎదుటివాళ్ళు తప్పు చెబితే నలుగురిలోనే దిద్దేస్తాను. ఆ గుణం వల్ల చుట్టాల్లో నాకు మంచి పేరు రావడం కంటే, నేనంటే భయమే ఎక్కువైంది. ఇప్పుడు రాస్తున్నది మాత్రం నేను తప్పిన లెక్క గురించి.

నాకు ఇద్దరు బిడ్డలు. పెద్దది సిరిసిల్లలో ఉంటుంది. వాళ్ళింట్లో నాలుగు సాంచెలు ఉన్నాయి, కరెంటు మీద నడిచే మగ్గాలు. అల్లుడు వాటిని నడిపిస్తే ఇది కండెలకు నూలు చుడుతుంది. అత్తగారు, బడికి పోయే పిల్లలు అదే ఇంట్లో ఉంటారు. చిన్నది పెళ్ళయ్యాక భర్తతో గల్ఫ్‌కు వెళ్ళింది. ఎడారి అంచున ఏడంతస్తుల బిల్డింగులో కాపురం. రెండున్నరేళ్ళ మనుమరాలు.

పెళ్ళయిన బిడ్డకు మా వైపు ఒడిబియ్యం పోస్తారు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు, రవిక బట్ట అన్నీ కలిపి ఐదుగురు ముత్తైదువలు ఆమె ఒడిలో దోసిళ్ళతో పోస్తారు. ఆ బియ్యం ఆమె అత్తవారింటికి తీసుకుపోయి వండి నలుగురికీ పెడుతుంది. తల్లిగారిల్లు ఈ బిడ్డను మరిచిపోలేదు అని నలుగురికీ తెలిసేది ఆ పూటే. దానికి ఒక నియమం ఉంది. పెళ్ళయిన బేసి సంవత్సరాల్లోనే పోయాలి. ఐదో ఏడు, ఏడో ఏడు, తొమ్మిదో ఏడు. సరి సంవత్సరంలో పోయరు.

పెద్దదానికి ఐదో ఏట పోశాం. ఏడో ఏట చిన్నదాని కాన్పు మా ఇంట్లోనే జరిగింది. బాలింత, పసిపిల్ల, పురుడు, ఆ సందట్లో ఏడాది దాటిపోయింది. తొమ్మిదో ఏట ఘనంగా పోస్తామన్నాను. ఆ తొమ్మిదో ఏడు మొన్నటి మాఘ శుద్ధ త్రయోదశితో నిండింది.

దసరా వెళ్ళిన వారానికి పెద్దది ఫోన్ చేసింది.

"అమ్మా, కార్తీకంల పోస్తవా?"

"టికెట్లు అయినయి బిడ్డా. చెల్లె దగ్గరికి పోయి మాఘంల వస్తం. వచ్చినంక నీది నెమ్మదిగ, మంచిగ చేస్తం."

"సరే," అంది. ఇంకో మాట అడగలేదు.

టికెట్లు జగిత్యాలలో తీయించాం. ఏ రోజు టికెట్ తీయించాలో నేనే చెప్పాను. ఎందుకంటే చిన్నదానికి అది ఐదో ఏడు. కార్తీకం దాటితే మూఢం వస్తుందని, ఆలోపే పోయాలని అయ్యగారు చెప్పారు. మూఢంలో, అంటే గురువో శుక్రుడో కంటికి కనబడని రోజుల్లో, శుభకార్యాలు చేయరు కదా. అందుకని ముహూర్తానికి వారం ముందుగా దిగేటట్టు ప్రయాణం పెట్టించాను. ఐదుంబావు కిలోల బియ్యం, కుడుకలు, పసుపు పెట్టెలో సర్దుకుని వెళ్ళాం. ఆ మూఢం ఎప్పటిదాకా ఉంటుందని అడగలేదు. గురుమూఢమే అనుకున్నాను. గురుమూఢం నెలరోజుల్లో పోతుంది, మాఘానికి అంతా శుభ్రంగా ఉంటుంది అని నా లెక్క.

అక్కడ చిన్నదాని ఫ్లాటులో ఐదుగురు ముత్తైదువలను కూడదీయడమే పెద్ద పని అయింది. నిజామాబాద్ వాళ్ళు ఇద్దరు దొరికారు, కరీంనగర్ ఆమె ఒకరు, కడప ఆమె ఒకరు. ఐదో మనిషిగా ఎదురింటి రాజస్థాన్ ఆమె వచ్చింది. ఒడిలో పోయడం అనగానే ఆమె మా బిడ్డ చెయ్యి పట్టుకుని ఎన్నో నెల అని అడిగింది. వాళ్ళ వైపు కడుపుతో ఉన్నవాళ్ళకే ఒడి నింపుతారట. మా అల్లుడు సిగ్గుపడి వంటింట్లోకి పోయాడు. మా ఆయన మాత్రం, "ఆమె నోటి చలువతోని మగపిల్లగాడే పుట్టని తియ్యి," అని ఇంకా నవ్వించాడు.

ఇదంతా పెద్దది ఫోన్ వీడియోలో చూసింది. వెనక సాంచెల చప్పుడు.

"చెల్లె, మంచిగున్నవే. పసుపుబియ్యంల మైసమ్మ లెక్క కూసున్నవ్," అంది.

"నువ్వు ఉంటె ఇంకా మంచిగుంటుండె అక్కా."

"నేనేడ వస్త? కండెలు అయిపోయినయ్, సాంచెలు ఆగుతయ్," అని నవ్వింది. ఐదో ఆమె పోసేదాకా చూసి ఫోన్ పెట్టేసింది.

ఎడారి అంటే ఎండే అనుకుని నేను నూలు చీరలే తీసుకుపోయాను. మార్గశిరం వచ్చేసరికి పొద్దున కిటికీ తీస్తే గాలి ముక్కును కోసేది. మా ఆయన వయసులో ఉన్నప్పుడు అదే దేశంలో బిల్డింగు పనికి పోయి ఆరేళ్ళు ఉన్నాడు.

"సలి ఉంటదని చెప్తె విన్నవా? పంచాంగంల లేనిది నీకు దునియాలనే లేదు," అని దెప్పుతూ అల్లుడి స్వెట్టర్ తెచ్చి నా మీద వేశాడు. అల్లుడు పొడగరి. ఆ స్వెట్టర్ చేతులు నా మోకాళ్ళదాకా వేలాడేవి. మనుమరాలు వాటిని పట్టుకుని ఊగేది.

అంత సుఖంగా నేను ఎప్పుడూ లేను. ఇది రాయడానికి సంకోచంగా ఉంది గాని అబద్ధం రాయలేను. పొద్దున బిల్డింగు వెనక ఎండ పడే చోట ఆడవాళ్ళం కుర్చీలు వేసుకుని ఎల్లిపాయలు ఒలిచేవాళ్ళం. అక్కడ దొరికే మందపాటి కొరియా రగ్గులో మనుమరాలితో కలిసి ముడుచుకుని పడుకునేదాన్ని. ఒకనాడు వాన పడింది. మన దగ్గర దాన్ని తుంపర అంటారు. అక్కడ మాత్రం ఏడంతస్తుల వాళ్ళూ బాల్కనీల్లోకి వచ్చి, చేతులు బయటికి చాపి, ఫోన్లతో ఫోటోలు తీసుకున్నారు. కింద కార్ల వాళ్ళు హారన్లు కొట్టారు. మర్నాడు రోడ్డు పక్కన ఇసుకలో గోరంత పచ్చ కనిపిస్తే అల్లుడు కారు ఆపి నాకు చూపించాడు.

సెలవు రోజుల్లో ఎడారిలోకి తీసుకుపోయేవాడు. ఇసుక గుట్టల మధ్య చాప పరిచి, బొగ్గులు రాజేసి, మక్కకంకులు కాల్చేవాళ్ళం. ఉప్పు, కారం, నిమ్మకాయ నేను ఇంటి నుంచి పట్టుకుపోయేదాన్ని. మా ఆయన నిప్పుల ముందు గొంతుక్కూర్చుని అట్టముక్కతో విసిరేవాడు.

"గప్పుడు గీ ఇసుకను తిట్టుకుంట పన్జేసిన. గిప్పుడు పెట్రోలు పోసుకొని మరీ దీన్ని చూసెటందుకు వస్తున్నం," అన్నాడొకసారి.

"మామయ్యా, గప్పుడు కంకులు కాల్చుకోలేదా?" అన్నాడు అల్లుడు.

"ఏడిది! కంకి కాలుస్తె సూపర్‌వైజర్ నన్ను కాల్చెటోడు."

ఆ రోజే మనుమరాలు ఇసుక గుట్ట మీంచి జారుతూ నన్నూ రమ్మని ఏడ్చింది. నేను చీర కుచ్చిళ్ళు దోపుకుని ప్లాస్టిక్ పళ్ళెం మీద కూర్చున్నాను. చిన్నది వెనక నుంచి నెట్టింది. కిందిదాకా కేకలు పెడుతూ జారాను. నోట్లో ఇసుక, జుట్టులో ఇసుక. లేచి మళ్ళీ ఎక్కాను.

పుష్యం సగమయ్యాక, మాఘంలో పెద్దదానికి రోజు చూడమని అడగడానికి కోరుట్ల అయ్యగారికి ఫోన్ చేశాను.

"ఎక్కడి రోజమ్మా? మూఢం నడుస్తలేదా?"

"నెలరోజులది కదయ్యా, ఇంకా పోలేదా?"

"గురుమూఢం కాదు తల్లీ, శుక్రమూఢం. మాఘ అమాస దాక ఉన్నది."

నేను వేళ్ళ మీద లెక్కపెట్టాను. త్రయోదశికి తొమ్మిదో ఏడు నిండుతుంది. అమావాస్య దాని తర్వాత. పదో ఏడు పోయరు. ఇక పదకొండో ఏడే.

"మరి గప్పుడే చెప్పకపోతిరి?"

"నువ్వు అడుగకపోతివి. చిన్నబిడ్డకని అడిగినవ్, చూసి చెప్పిన. పెద్దబిడ్డ ముచ్చట నువ్వు ఎత్తనే లేదు."

ఆయన మాటలో కోపం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. నిజమే. సముద్రం అవతల ఉన్న బిడ్డకు నెలా, తిథీ, వారమూ అన్నీ చూసుకున్నాను. సిరిసిల్ల ఎంత దూరం? పొద్దున బస్సెక్కి వేములవాడలో మారితే భోజనాల వేళకు వాళ్ళింట్లో ఉంటాం. ఎప్పుడైనా పోవచ్చు అనుకున్న బిడ్డ దగ్గరికి పోవడానికి ఎప్పుడూ రేపే.

సాయంత్రం పెద్దదానికి ఫోన్ చేసి, మాటలు పేర్చుకుంటూ మూఢం సంగతి చెప్పాను.

"నాకెర్కనే అమ్మా," అంది.

"ఎప్పటి నుంచి?"

"కార్తీకంలనే మా అత్త పంచాంగంల చూపిచ్చింది. 'మీ అమ్మ అన్నీ తెలిసిన మనిషి కదా, గిది తెల్వదా?' అన్నది. నువ్వు చెల్లెకు పోసే సంబురంల ఉంటివి. ఏం చెప్పాలె?"

"చెప్తె ఆగుదును కదనే."

"అందుకే చెప్పలే."

మా ఆయనకు చెబితే, "ఆకాశంల శుక్రుని చుక్క కనబడకపోతే బిడ్డ సుత కనబడదా? పోసి పారెయ్యి," అన్నాడు. ఆయనకు అన్నీ అంత తేలిక.

మిగిలిన రోజులు కూడా చలి అంతే హాయిగా ఉంది. అదే నాకు బాధ. కంకి కాలుతున్న వాసన వస్తే నోరూరేది, వెంటనే సిరిసిల్లలో కండెలు చుట్టే చెయ్యి గుర్తొచ్చేది. పెద్దది ఫోన్ చేస్తే, "ఏమున్నదే ఇక్కడ, పొద్దు పోతలేదు, మోకాళ్ళు గుంజుతున్నయ్," అని చెప్పేదాన్ని. ఏ మోకాలూ గుంజలేదు. ఆ చెప్పిన పూటే గుట్ట ఎక్కి దిగాను.

మాఘ విదియకు కోరుట్లకు చేరాం. మూడు రోజులు నాలో నేను కొట్లాడుకున్నాను. నా మేనకోడలు ఒకసారి మూఢంలో గృహప్రవేశం పెట్టుకుంటే, నేను ఆ భోజనానికి పోకుండా అందరినీ ఆపినదాన్ని. ఇప్పుడు నేనే బియ్యం కొలిచి, కుడుకలు, పోకలు, చీర సంచిలో పెట్టుకుని, పసుపు విడిగా పొట్లం కట్టుకుని, మా ఆయనతో సిరిసిల్ల బస్సెక్కాను. మూఢమైనా సరే పోసేస్తాను అనుకున్నాను.

వియ్యపురాలు గుమ్మంలోనే సంచి చూసింది.

"వదినె, గిదేంది? మూఢంల పోస్తవా? నువ్వేనా?"

"నేనే వదినె. తప్పు నాది. దోషమేమన్న ఉంటె నాకే తగలని."

"దోషం అడ్రస్ అడిగి వస్తదా? వచ్చేది మా ఇంటికే గద," అంది. అంటూనే నాకు నీళ్ళ చెంబు అందించింది.

పెద్దది సాంచెల గదిలోంచి వచ్చింది. జుట్టు మీద నూలు దుమ్ము. సంచి విప్పి, లోపల బియ్యం చూసి, పసుపు పొట్లం బయటికి తీసి నా చేతిలో పెట్టింది.

"వద్దమ్మా."

"ఎందుకు వద్దు?"

"రేపు పిల్లలకు జెరమొచ్చినా, సాంచె దారం తెగినా, 'నేను మూఢంల పోస్తిని' అని నువ్వు లెక్కపెట్టుకుంట కూసుంటవ్. నీ సంగతి నాకు తెల్వదా? పదకొండో ఏట పొయ్యి. గప్పుడు ముందుగాల నాది చూడు, తర్వాత ఎవరిదన్న చూడు."

"పదకొండో ఏడుకు నేనుంటనో లేనో."

"ఉండకపోతె బాపు పోస్తడు. బాపుకు మూఢం లేదు, ఏం లేదు," అంది. మా ఆయన గోడ వైపు చూస్తూ మీసం దువ్వుకున్నాడు.

"పసుపు కలుపకపోతె బియ్యం బియ్యమే కదా," అంటూ అది రెండు గ్లాసులు కొలిచి పొయ్యి మీద పెట్టింది. పప్పు చేసింది, వంకాయ వేయించింది. వాడకట్టులో ఎవరినీ పిలవలేదు. పిలవాల్సిన బియ్యం అది. నలుగురు ముత్తైదువలు వరసగా కూర్చుని తినాల్సిన అన్నం, మేమే తిన్నాం.

"అమ్మా, ఎడారిల సలి ఎట్లుంటది?" అని అడిగింది నడుమ.

"ఏమున్నదే..." అని మొదలుపెట్టాను.

"పొద్దు పోలేదా? మోకాళ్ళు గుంజినయా?" అంది. "చెల్లె అన్ని వీడియోలు పంపింది. నువ్వు పళ్ళెం మీద జారుకుంట వచ్చింది సుత చూసిన. మా అత్తకు చూపిచ్చిన. రెండుసార్లు చూసింది."

"మూడుసార్లు," అంది వియ్యపురాలు. "నడుమల కొప్పు ఊడిపోయింది చూడు, గక్కడ నాకు నవ్వాగలే."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. దానికి తెలిసి కూడా, నేను చెప్పిన ప్రతి అబద్ధానికీ అన్ని రోజులూ "అట్లనా అమ్మా, పైలం," అంటూ వచ్చింది.

"నువ్వు నవ్వుతె నాకేం దుఃఖమా? నాకు చెప్తె అయిపోతుండె," అంది, కోపమో చనువో నాకు పోల్చుకోరాలేదు. "ఇప్పుడు చెప్పు."

అప్పుడు చెప్పాను. వానకు బాల్కనీల్లోకి వచ్చిన జనం, ఇసుకలో గోరంత పచ్చ, మోకాళ్ళదాకా వేలాడే స్వెట్టర్, అన్నీ ఏదీ దాచకుండా చెప్పాను. వింటూ అది చెంగుతో కళ్ళు తుడుచుకునేంత నవ్వింది. సాంచెల గదిలోంచి అల్లుడు కండెలు కావాలని కేకేశాడు. వస్తున్నానని చెప్పి, లేవకుండా అక్కడే కూర్చుంది. దాని చూపుడు వేలు మీద దారం కోసుకున్న గీతలు కనిపించాయి. వాటిని చూస్తూ నేను ఆ హాయి గురించే చెబుతున్నాను.

నా పళ్ళెం ఖాళీ అయింది. అది గంటెతో అన్నం తీసి, "ఇంకింత పెట్టనా అమ్మా?" అంది.

నాకు కడుపు నిండిపోయింది. వద్దని అనలేక పళ్ళెం ముందుకు జరిపాను.