కబుర్లకి ఖర్చయిన నీళ్లు

మా నాన్నకి రోజుకి ఒక సీసా నీళ్లు. మందుబిళ్ల మింగాలన్నా అందులోంచే, గొంతులో టీ చుక్క పడాలన్నా అందులోంచే. వారంలో మూడు రోజులు పలాసలో డయాలసిస్‌కి తీసుకెళ్తాను. "ఆ సీసా దాటితే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి చేరిపోతాయమ్మా, మనిషి దక్కడు" అని అక్కడి నర్సమ్మ మొదట్లోనే మొహమాటం లేకుండా చెప్పేసింది. ఇంటికొక కిడ్నీ రోగి ఉండే ఉద్దానంలో పుట్టినవాళ్లకి ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. మా చుట్టాల్లోనే ఇలా కొలుచుకుని తాగేవాళ్లు ఎంతమందో.

కొలిచి ఇవ్వడం నాకేం కష్టం కాదు. బట్టలు కుట్టుకుని బతికేదాన్ని, కొలతలు నాకు అలవాటే. కష్టమల్లా మా నాన్న నోటితోనే. ఆ నోరు ఊరుకోదు. మాట్లాడినకొద్దీ ఎండిపోతుంది, ఎండినకొద్దీ చెయ్యి సీసా మీదకి పోతుంది. పొద్దున్న నింపిన సీసా మధ్యాహ్నానికే అడుగంటితే ఇక సాయంత్రమంతా మా ఇద్దరికీ యుద్ధం.

"ఒక్క సుక్కే అమ్మా, పెదాలు తడుపుకోడానికి."

"సుక్కా లేదు, గిక్కా లేదు. ఎవులు మాటాడమన్నారు నిన్ను?"

అలా అరిచాక నాకే ఏడుపొస్తుంది. కన్నతండ్రి నీళ్లడిగితే లేవనే కూతుర్ని. ఏం ఖర్మరా దేవుడా అనుకుంటాను. మర్నాడు మళ్లీ అలాగే అరుస్తాను.

ఆయన కబుర్లు కూడా ఆషామాషీవి కావు. మీసాలు రాకముందే ఉద్దానం వదిలి పలాస వచ్చి జీడి ఫ్యాక్టరీలో చేరాడు. పెంకు తియ్యని జీడిపిక్కలు కాల్చే డ్రమ్ము దగ్గర పని. అప్పట్లో ఆ పొగ పక్కనున్న కాశీబుగ్గ దాకా కమ్మేసేదట. రైల్లో కునుకు తీస్తున్నవాళ్లు ఆ వాసన తగలగానే పలాస వచ్చేసిందని మూటలు సర్దుకునేవారట. ఏ షెడ్డు ఎక్కడుండేది, ఎవరి సైరను ముందు మోగేది, సైరను మోగితే ఏ వీధి ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని పరిగెత్తేవారు, అన్నీ ఆయనకి నోటికొచ్చు. ఆ చంకనెక్కిన పిల్లల్లో నేనూ ఉన్నాను. అమ్మ పని చేసుకుంటూంటే పిక్కల బస్తాల మీద పడి నిద్రపోయేదాన్ని. లేచేసరికి బుగ్గ మీద గోనె అచ్చు పడి ఉండేది.

ఈ కబుర్లు వినడానికి జనం వచ్చేవారు. వచ్చేవాళ్లు ఊరికే వస్తారా? రోగిని చూడ్డానికి వట్టి చేతులతో రాకూడదని కొబ్బరి బొండాలు పట్టుకొచ్చేవారు. కిడ్నీ పాడైన మనిషికి కొబ్బరినీళ్లు పోస్తే గుండె ఆగిపోతుందమ్మా అని నర్సమ్మ చెప్పింది. నేను వచ్చినవాళ్లందరికీ చెప్పాను. వింటేగా! పుట్టిన దగ్గర్నుంచి ఏ జబ్బుకైనా బొండాం కొట్టించి తాగించినవాళ్లకి ఆ ముక్క తలకెక్కదు. నాన్నతో డ్రమ్ము దగ్గర పనిచేసిన ముసలాయన ఒకడున్నాడు, వరసకి నాన్నకి బావ. ఆయనైతే ప్రతి ఆదివారం సైకిలుకి బొండాల గెల కట్టుకుని దిగిపోయేవాడు.

"సలవమ్మా. మన సెట్టు కాయలే. మందులేటి సేత్తాయి, ఇది తాగితే కడుపులో మంటంతా పోతాది."

"మంట కాదు మావా, మనిసే పోతాడు."

"ఓలమ్మో, అదేటి మాట! నీ నాన్నని సచ్చిపోమంతన్నావేటి?"

ఇదీ నా పరిస్థితి. బొండాం వద్దన్నందుకు నేనే చెడ్డదాన్ని. నాన్న ఆ కాయల వైపు చూసే చూపు నేను చూడలేక, ఆ ముసలాయన గుమ్మం దాటగానే వాటిని వీధిలో పంచేసేదాన్ని.

ఇది చాలదన్నట్టు ఫోను కుర్రాడొకడు తయారయ్యాడు. ఇక్కడే ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతాడు. తీరిక వేళల్లో మన ఊరి పాత సంగతులని చెప్పి ఫోనులో వీడియోలు పెడుతుంటాడు. విశాఖలో, హైదరాబాదులో, దుబాయిలో ఉన్న మా ఊరివాళ్లంతా వాటిని చూసి గుండె బొమ్మలు పెడతారట. "తాతగారి చేత పలాస చరిత్ర చెప్పించాలండీ, ఆయన తరవాత చెప్పేవాళ్లు లేరు" అన్నాడు, ఆయన్ని ఎదురుగా పెట్టుకుని. నాకు ఒళ్లు మండింది. కుదరదు పొమ్మన్నాను. నాన్న మంచం మీద నుంచే, "రమ్మనే, ఆ బాబుని రమ్మను" అని ఒకటే గోల.

చివరికి నాన్న పంతమే నెగ్గి, ఆదివారం చర్చి నుంచి వచ్చాక వీడియో పెట్టుకున్నారు. నాన్న తెల్ల చొక్కా మార్చలేదు. సీసా నిండా నీళ్లు పోసి పక్కన పెట్టాను. "ఇది అయిపోతే కబుర్లు బంద్" అని ఇద్దరికీ వేలు చూపించి చెప్పి, వెళ్లి కుట్టుమిషను ముందు కూర్చున్నాను. నాన్న పొగ గురించి చెప్పాడు, రైలు గురించి చెప్పాడు, స్టేషను దగ్గర గోళీసోడా కొట్టించుకుని తాగిన సంగతి చెప్పాడు. కుర్రాడు "సూపరు తాతా, సూపరు" అంటున్నాడు. అక్కడితో ఆపేస్తే ఏ గొడవా లేకపోయేది. సీసాలో సగం నీళ్లు అలాగే ఉన్నాయి.

"ఇప్పుడు అసలు సంగతి సెప్తాను, ఇను బాబూ" అన్నాడు నాన్న. అమ్మ గురించి మొదలుపెట్టాడు.

కాల్చిన పిక్కని చెక్కసుత్తితో కొట్టి పప్పు విరగకుండా తీసే పని అమ్మది. ఆ పెంకులోంచి వచ్చే జీడి నూనె ఒంటికి తగిలితే కాలిపోతుంది. బూడిద రాసుకున్నా, ఆముదం రాసుకున్నా ఆగేది కాదు. వేళ్ల కొసలు నల్లగా మాడి, తోలు పొరలు పొరలుగా లేచిపోయేది. పచ్చడి మెతుకు కలిపితే మంట. చర్చిలో ప్రభు సంస్కారపు రొట్టె అందుకునేటప్పుడు పక్కవాళ్లకి ఆ వేళ్లు కనబడకుండా కొంగు కప్పుకుని చెయ్యి చాచేది. అవన్నీ చెప్పాడు నాన్న. డ్రమ్ములోంచి తీసి ఆ పిక్కల్ని అమ్మ ముందు కుప్ప పోసింది తనేనని కూడా చెప్పాడు. "నాను కాల్సిన పిక్కలే దాని సేతులు కాల్సీసినాయి బాబూ. ఊరంతా మేడలు లేసినాయి. ఆ ఆడోల్ల సేతులు ఎవుడైనా సూసినాడేటి?" అన్నాడు.

నేను మిషను ఆపేశాను. అమ్మ పోయాక ఆయన నోట ఆమె మాట అంతసేపు ఎప్పుడూ వినలేదు. మాటమాటకీ గుటక వేస్తున్నాడు. సీసా ఖాళీ అయిపోయింది. "ఇంకొన్ని పొయ్యమ్మా, ఇది అయిపోవాల" అన్నాడు. పోశాను. చుక్క కోసం రోజూ ఆయనతో కొట్లాడేదాన్ని, ఆ పూట నా చేత్తో నేనే చెంబెడు పోశాను.

తెల్లారేసరికి కాళ్లు పొంగిపోయాయి. పడుకోబెడితే ఊపిరాడదు, కూర్చోబెడితే నిలవలేడు. ఆటోలో వేసుకుని పరుగు. నర్సమ్మ అందరి ముందూ నన్ను దులిపేసింది. ఎలాగో గండం గడిచి ఇంటికి తెచ్చుకున్నాం.

తెచ్చుకున్నాక వీడియో వచ్చింది. అంతసేపు చెప్పినదాన్ని కుర్రాడు ఇంత చిన్నది చేశాడు. పొగ ఉంది, రైలు ఉంది, గోళీసోడా ఉంది. వెనకాల ఏదో పాట పెట్టాడు. ఆఖర్న పళ్లెంలో గుండు జీడిపప్పు మిలమిలా మెరుస్తోంది. అమ్మ లేదు. నాన్న నా ఫోను మీద వేలు పెట్టి వెనక్కి తోసి, మళ్లీ మొదట్నుంచి చూశాడు, ఎక్కడైనా తను గమనించలేదేమోనని. కింద జనం "నోరూరిపోతోంది తాతా", "ఆ రోజులే వేరు" అని రాశారు. ఏ రోజులు వేరు? ఎవరికి వేరు? ఫోను తీసి గోడకేసి కొట్టాలనిపించింది.

కుర్రాడికి ఫోను చేసి అడిగాను.

"అది నెగటివ్‌గా ఉంటుందండీ. మన ఊరి పప్పుకే చెడ్డపేరు వస్తుంది. జనాలు సరదాగా ఉన్నవే చూస్తారు."

"మా నాన్న పేనం మీదకి తెచ్చుకుని సెప్పింది నీకు సరదాగా లేదేటి?" కోపమొస్తే నాకు బడిలో నేర్చిన భాష నిలబడదు.

"అయ్యో, కోప్పడకండి. ఇంకోటి చేద్దామండీ. పాత సినిమా హాళ్ల గురించి అడుగుతాను, తాత నవ్వుతూ చెబితే బావుంటుంది."

నాన్న చెయ్యి చాచి ఫోను తీసుకున్నాడు. "మా ఇంటిదాని సంగతి సెప్పినాను కదా బాబూ. అది నీ దగ్గరుందేటి?"

"లేదు తాతా. ఫోనులో జాగా చాలక తీసేశాను."

"సరే బాబూ" అని నాన్న ఫోను నా చేతిలో పెట్టేశాడు.

ఆ రోజు నుంచీ ఆయన ఎవరికీ ఏమీ చెప్పడం లేదు. సైకిలు మావ వచ్చి, "సైరను మోగితే మనం గోడ దూకినాం, గురుతుందేటి బావా?" అని గుచ్చి గుచ్చి అడిగాడు. "గురుతు లేదు బావా" అన్నాడు నాన్న. రెండు ఆదివారాలు అలా చూసి ఆయనా రావడం మానేశాడు. మిగిలినవాళ్లూ అంతే. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. నా మిషను చప్పుడు నాకే చిరాగ్గా వినబడుతోంది.

ఇప్పుడు సాయంత్రానికి సీసాలో నీళ్లు మిగులుతున్నాయి. కాళ్ల వాపు తగ్గింది. మొన్న బరువు చూసి నర్సమ్మ నా భుజం తట్టింది. "ఇప్పుడు దారిలో పడ్డారు. ఏం చేశారమ్మా?" అంది. ఇన్నాళ్లూ నేను నెత్తీ నోరూ కొట్టుకుని అడిగింది ఇదే కదా. దొరికింది. అయినా నాకు కోపం తగ్గలేదు. ఆ కుర్రాడి మీద కోపం, గుండె బొమ్మలు పెట్టినవాళ్ల మీద కోపం, సరే బాబూ అని ఊరుకున్న నాన్న మీద ఇంకా కోపం.

నిన్న సాయంత్రం కుట్టు పక్కన పడేసి వెళ్లి ఆయన మంచం మీద కూర్చున్నాను.

"నాన్నా, అమ్మ సంగతి మళ్లీ సెప్పు. నాకు సెప్పు. నా ఫోన్లో దాసి ఎడతాను, ఎవుడూ తియ్యడు. నీళ్లకేటి, నాను సూసుకుంతాను."

ఆయన సీసా వైపు చూశాడు.

"ఒద్దులేమ్మా" అన్నాడు. "దాహమేత్తాది."