గండి పడని గట్టు

మా మామగారు గట్లు కట్టే మేస్త్రి. పోటు నీళ్లు పొలాల్లోకి రాకుండా ముప్పై ఏళ్ల కిందట తీరం పొడవునా పెద్ద మట్టిగట్టు కట్టించారు. నన్ను చూడ్డానికి వచ్చిన రోజున నా చదువు కూడా అడగలేదు, ఆ గట్టు సంగతే చెప్పారు. "నా గట్టుకు ఏనాడూ గండి పడలేదమ్మా" అన్నారు. ఆ మాట ఆ తర్వాత వెయ్యిసార్లు విన్నాను.

ఆ పొలాలు ఉప్పుబారి ఎప్పుడో బీడుపడ్డాయి. ఇప్పుడు అక్కడ అటవీశాఖ వాళ్లు ఉప్పునీళ్లలో బతికే మడచెట్లు పెంచుతున్నారు. నర్సరీలో సంచులకు బురద నింపి మొక్కలు పెంచేది నేనే. నీళ్ల కోసం రోడ్డు పక్కన గట్టుకు గండి కొట్టారు. నీళ్లు వచ్చాయి గాని వెనక్కి పోలేదు. రెండేళ్లు వరసగా మొక్కలన్నీ కుళ్లిపోయాయి.

అటవీశాఖ ఆఫీసరమ్మ మా ఇంటికే వచ్చింది. "మేస్త్రి గారూ, ఈ చెట్లు గాల్లో కార్బన్‌ను లాగి బురదలో వందల ఏళ్లు దాచిపెడతాయి. కానీ నీళ్లు వచ్చి పోతుంటేనే బతుకుతాయి. గట్టు కట్టకముందు సముద్రపు నీళ్లు వచ్చిపోయే పాయ ఎక్కడుండేది? అక్కడే తెంచాలి. ఈసారీ మొక్కలు పోతే పని ఆపేస్తారు" అంది.

"పాయా? గుర్తులేదమ్మా" అన్నారాయన. అంతే! గట్టు పేరెత్తితే గంటసేపు వదలని మనిషి రెండు ముక్కలతో సరిపెట్టారు.

అన్నం పెడుతూ అడిగాను. "మామయ్యా, ఒంట్లో బాగానే ఉందా?"

అన్నం కెలుకుతూ చెప్పారు. "మూడుసార్లు తెగిందమ్మాయ్. పాయకు అడ్డంగా కట్టాను. ఎంత మట్టి పోసినా మింగేసేది. చివరికి దుంగలు పాతి, గోనెసంచులు పేర్చి, పైన మట్టి కప్పేశాను. ఎవరికీ చెప్పొద్దని కూలీల నోళ్లు మూయించాను."

నాకు ఒళ్లు మండింది. "రెండేళ్లు నా మొక్కలు చస్తుంటే చూస్తూ కూర్చున్నారా? మీ పరువు పచ్చగా ఉంటే చాలా?" అన్నాను. మామగారని కూడా చూడలేదు. ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకున్నారు.

మర్నాడు నేను పనికి వెళ్లేసరికి ఇస్త్రీ చొక్కాతో ఆఫీసు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. పాత కూలీలను కూడా వెంటబెట్టుకొచ్చారు. అందరి ముందూ జరిగింది జరిగినట్టు చెప్పి, గట్టు మీదికి నడిచి, ఒకచోట కాలితో గీత గీశారు. ఆఫీసరమ్మ తెప్పించిన యంత్రం అక్కడ నాలుగుసార్లు తవ్వేసరికి కుళ్లిన దుంగలు, గోనెపీలికలు బయటపడ్డాయి. అందరూ ఆయన వైపే చూశారు. నాకు ఏడుపొచ్చింది. ఆయన మాత్రం, "ఆగారేం? ఇంకో మూర లోతు" అని కసిరారు.

ఆ రోజు పోటుకు నీళ్లు వచ్చాయి, ఆటుకు చుక్క మిగలకుండా వెళ్లాయి. ఏడాది తిరిగేలోగా, మేం నాటనిచోట కూడా, నీళ్లలో కొట్టుకొచ్చిన గింజలు మొలిచాయి. బురద నిండా మోకాలెత్తు పచ్చదనం.

ఇప్పుడు చూడ్డానికి ఎవరొచ్చినా మామగారే ముందు నడుస్తారు. గట్టు మీద నిలబెట్టి చెబుతారు.

"ఇది మూడుసార్లు సముద్రం తెంచిన గట్టు. నాలుగోసారి నేను తెంచాను. నేను తెంచిందే సరిగ్గా తెగింది."