వలల పాక పిల్లి

జువ్వలంకలో పెద్దవల చిరిగితే మగవాళ్ళే ముడి వెయ్యాలనేది పాత పద్ధతి. ఆడవాళ్ళ పని చేపలు ఎండబెట్టడం, బుట్టకెత్తుకుని ఏలూరు తీసుకెళ్ళి అమ్ముకురావడం. నూకాలమ్మ ఆ పద్ధతి పాటించలేదు. మొగుడు నూకరాజు జ్వరంతో పోయిన ఏడు, అతను సగం అల్లి వదిలేసిన వల దూలానికి వేలాడుతుంటే, దాన్ని దింపుకుని మిగతా సగం తనే అల్లింది. లంక పెద్దలు చూసి నవ్వారు. ఆమె వాళ్ళ వల ఒకటి తెచ్చుకుని, ఎవరో తొందరలో వేసిన అతుకు విప్పి, వల కళ్ళన్నీ ఒకే కొలతకు తెచ్చి, వాళ్ళ ముందే పరిచింది. తరవాత తనకు కావలసింది అడిగింది. వలల పాక కాపలా, బాగుచేత తన చేతికివ్వాలి; వాటా మగవాడి వాటా ఇవ్వాలి.

సగం వాటా ఇస్తామన్నారు.

"అలాగైతే సగం వలే బాగుచేస్తానండి," అంది.

పూర్తి వాటా ఇచ్చారు.

కొల్లేటి నడుమ ఆ లంకలో వలల పాక అంటే ఊరి బువ్వ ఉన్న చోటు. నూలు దారంతో అల్లి, తుమ్మచెక్క కషాయంలో ఉడికించి ఆరబెట్టిన వలలన్నీ అక్కడే ఉంటాయి. ఎంత ఉతికినా వలకు చేప వాసన పోదు. ఆ వాసనకు ఎలకలు వస్తాయి, వచ్చి ముడులు కొరుకుతాయి. ఒక్క ముడి తెగితే చాలు, నీళ్ళలో బరువు పడేసరికి చుట్టూ ఉన్న కళ్ళు వరసగా విడిపోతాయి. అందుకని నూకాలమ్మ దారం కోసం ఏలూరు వెళ్ళినప్పుడు కొట్టువాళ్ళ దగ్గర ఒక పిల్లికూనను అడిగి, బుట్టలో పెట్టుకుని తెచ్చింది. ఒళ్ళంతా బూడిద రంగు, నుదుటి మీద తెల్ల మచ్చ. చుక్కి అని పేరు పెట్టింది. చుక్కి పెరిగి పెద్దదయ్యాక పాకలో ఎలక కొరికిన ముడి కనబడలేదు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడాది చుక్కికి మొహం దురద పట్టుకుంది.

మొదట్లో వలకుప్ప మీద పడుకుని చెంప రుద్దుకునేది. తరవాత వెనక కాలు ఎత్తి గోకడం మొదలుపెట్టింది. గోకి గోకి కంటి పక్కన వెంట్రుకలు రాలిపోయాయి, చెంప మీద చెక్కులు కట్టాయి, చెక్కులు లేచి రక్తం కారింది. తల విదిలిస్తే పాక గోడ మీద చిన్న చిన్న ఎర్ర చుక్కలు పడేవి.

గజ్జి అనుకుంది నూకాలమ్మ. గజ్జికి అందరూ చేసేదే తనూ చేసింది. కానుగనూనెలో గంధకం రంగరించి మొహమంతా పట్టించింది. మధ్యాహ్నానికల్లా చుక్కి పంజాతో మొహం తుడుచుకుని, ఆ పంజా నాకి, నోటి వెంట చొంగ కారుస్తూ మూల ముడుచుకుంది. కక్కింది. నూకాలమ్మ సెనగపిండి రుద్ది, గోరువెచ్చని నీళ్ళతో ఆ నూనెంతా కడిగేసింది. పిల్లికి పైన పూసినదంతా లోపలికే పోతుందని ఆ రోజు ఆమెకు బోధపడింది.

అందుకే సూర్రావు పొట్లం తెచ్చినప్పుడు ఆమె చెయ్యి చాపలేదు. సూర్రావు ఆమెకు అక్క వరస ఆవిడ కొడుకు, పెద్దవల దోనెకు గెడ వేసి నడిపేవాడు.

"దోమల మందు పిన్నీ. మలేరియా వాళ్ళు గోడలకు కొట్టగా మిగిలితే దాచాను. ఒక్క చిటికెడు చల్లు, పురుగనేది ఉంటే చచ్చి ఊరుకుంటుంది."

"పురుగుతో పాటు పిల్లి కూడా ఊరుకుంటుంది. ముందు నీ ఒళ్ళంతా చల్లుకుని, చేతులు నాకి చూపించు. తరవాత దానికి చల్లుతాను."

సూర్రావు పొట్లం మళ్ళీ మొలలో దోపుకున్నాడు.

ఈలోగా లంకలో పిల్లలకు గజ్జి లేచింది. అది ఏటా లేచేదే. ఈ ఏడు మాత్రం దానికి కారణం దొరికింది. పొద్దున్నే వలకు వెళ్ళేవాళ్ళకు రక్తపు మొహంతో చుక్కి ఎదురొచ్చేది. ఆ రోజు చేప పడకపోతే అదీ దాని ఖాతాలోకే పోయేది. అందరికంటే ఎక్కువగా అన్నది మంగమ్మ, నూకాలమ్మ తోటికోడలు.

"మీ ఇంటి మహారాణి దర్శనం అయిందే ఇయ్యాల. మీ బావగారి బుట్టలో నాలుగు పరిగెలు, ఒక పీత. ఆ పీతకి కూడా ఒక కాలు లేదు."

"పీత కాలు కూడా చుక్కే తినేసిందా అక్కా?"

"వెటకారానికేం తక్కువ లేదు. నా మనవడు గోక్కోలేక చస్తున్నాడు."

మంగమ్మ మొగుడు పెద్దింటయ్య లంకకు పెద్ద. నూకరాజుకు అన్నగారు. ఆయన కేకలెయ్యడు, ఒకసారి చెప్పిన మాట రెండోసారి చెప్పడు. పాక గుమ్మం దగ్గర నిలబడి, లోపలికి చూడకుండా చెప్పాడు.

"అమ్మా నూకాలూ, ఆ పిల్లిని దాటించేద్దాం."

పిల్లిని చంపితే పాపమని లంకలో అందరికీ భయం. అందుకని చంపరు. గోనెలో వేసి, దోనె మీద నీళ్ళు దాటించి, అవతలి లంక పెద్దతిప్ప మీద వదిలేస్తారు. నీళ్ళు దాటిన పిల్లికి ఇంటిదారి తెలియదని నమ్మకం. పెద్దతిప్ప వాళ్ళు కూడా తమకు వద్దనుకున్న పిల్లుల్ని ఇటే దాటించేవారు కాబట్టి జువ్వలంకలో పిల్లులు ఎప్పుడూ తగ్గలేదు. కాని మొహమంతా పుండుతో, గోకడం తప్ప వేరే ధ్యాస లేని పిల్లి, ఎరగని చోట ఎన్నాళ్ళు బతుకుతుంది? చంపడానికీ దాటించడానికీ తేడా నీళ్ళే.

"మానుస్తానండి బావగారూ," అంది నూకాలమ్మ.

"అమావాస్య వెళ్ళాక పెద్దవల నీళ్ళలో దిగుతుంది. అప్పటికి మానితే ఉంచుకో."

ఆయన వెళ్ళిపోయాడు. నూకాలమ్మ సూదిలో దారం ఎక్కించుకుని, పెద్దవల ఒళ్ళో వేసుకుని, ముడులు వేస్తూ పిల్లినే చూస్తూ కూర్చుంది.

వల బాగుచేసేవాళ్ళు కంత పెద్దగా ఉన్న చోట పని మొదలుపెట్టరు. అంచుల వెంట వెనక్కి వెళ్ళి, మొదట ఏ ముడి జారిందో చూసుకుంటారు. నూకాలమ్మ చుక్కి మొహాన్ని అలాగే చూసింది. చెక్కులన్నీ చెంప మీద, కంటి పక్కన ఉన్నాయి. కాని గోటి గీతలు అక్కడ మొదలవలేదు. చెవి వెనక సన్నగా మొదలై, చెంప మీదుగా కంటి దాకా వచ్చి లోతుగా దిగాయి. వెనక కాలు చెవి దగ్గరికి లేచి, కిందికి జారుతూ మొహాన్ని చీరుతోంది. దురద ఒక చోట, గాయం ఇంకో చోట. తను నూనె పూసింది గాయానికి.

వల పక్కన పెట్టి చుక్కిని ఒళ్ళోకి తీసుకుంది. చెవి మొదట్లో బొటనవేలితో నొక్కగానే వెనక కాలు దానంతటదే గాలిలో కొట్టుకుంది. చెవి మడిచి వెలుతురుకు పట్టి చూసింది. లోపలంతా నశ్యం పొడిలా నల్లగా పేరుకుని ఉంది. దూది పింజతో కొంచెం తీసి, అరిటాకు ముక్క మీద ఎండలో పెట్టి, కళ్ళు చిట్లించి చూస్తే అందులో ఒకటి రెండు తెల్ల నలుసులు కదిలాయి.

మర్నాటి నుంచి పని మొదలైంది. చుక్కిని మెడ దాకా గోనెగుడ్డలో చుట్టేది. కొబ్బరినూనె తన మోచేతి మీద వేసుకుని, వేడి లేదని తేలాక చెవిలో రెండు చుక్కలు వేసేది. చెవి మొదట్లో మెల్లగా పిసికి, వదిలేస్తే చుక్కి తనే తల విదిలించుకుని నల్లదంతా బయటికి కొట్టేది. పైకి వచ్చినదే పాతగుడ్డతో తుడిచేది కాని లోపల పుల్ల పెట్టేది కాదు. అది పడుకునే గోనెను ఉడకబెట్టి ఎండేసింది. పాకలోకి వచ్చిపోయే మరో రెండు పిల్లుల్ని కూడా పట్టి చెవులు చూసింది. ఒకదానికి ఉంది, దానికీ వేసింది. అది గీరిన గీత ఆమె ముంజేతి మీద చాలా రోజులు ఉంది.

చెవి సంగతి అలా కుదిరింది. కాని గోళ్ళు ఊరుకోవు కదా. మానుతున్న చెక్కును మళ్ళీ లేపేస్తున్నాయి. దానికి నూకాలమ్మ చేసిన పని చూసి లంకంతా పాక ముందు చేరింది.

కొల్లేటిలో మావు అని ఒక బుట్ట ఉంటుంది. వెదురు పుల్లలతో అల్లుతారు, మూతి గరాటులా ఉంటుంది. లోపలికి దూరిన చేప తిరిగి రాలేదు. నూకాలమ్మ ఆ మావు మూతినే లేత తాటాకుతో చిన్నగా అల్లింది. మెడ దగ్గర మెత్తటి గుడ్డ కుట్టి, వెడల్పు వైపు ముందుకు ఉండేలా చుక్కి మెడకు తొడిగింది. తినడానికి వీలు, కాలు మాత్రం మొహానికి అందదు. చుక్కి మొదట వెనక్కి వెనక్కి నడిచి గోడకు గుద్దుకుంది.

"అది ఎలకని పట్టాలి గాని, మావు పిల్లిని పట్టిందేంటి పిన్నీ," అన్నాడు సూర్రావు.

"మంచి మావు రా ఇది. నీ నోటికి కూడా ఒకటి అల్లుతాను ఉండు."

కొన్నాళ్ళకు చెవులు శుభ్రపడ్డాయి. ఆమె నూనె మానలేదు. చచ్చిన పురుగు గుడ్డు పెట్టే ఉంటుందని, గుడ్డు నూనెకు చావదని ఆమె అనుమానం. అనుకున్నట్టే నల్లపొడి మళ్ళీ కాస్త కనబడింది, మళ్ళీ పోయింది.

అమావాస్య వెళ్ళింది. పెద్దవలను మోసుకెళ్ళి రేవులో దింపారు. దాన్ని నీళ్ళలో పరచాలంటే రెండు దోనెలు కావాలి, చెరో కొస పట్టుకుని విడిపోవాలి. పెద్దింటయ్య పాక దగ్గరికి వచ్చి చుక్కిని చూశాడు. గోకడం లేదు. కాని చెంప మీద చెక్కులు ఇంకా ఉన్నాయి, కంటి పక్కన బోడి చర్మం.

"మానలేదు," అన్నాడు.

"దురద పోయిందండి. వెంట్రుక రావడానికి టైము పడుతుంది."

"మొహం మొహంలా లేదు కదమ్మా. చెప్పిన మాట చెప్పినట్టు జరగాలి. సూర్రావూ, గోనె తే."

నూకాలమ్మ చుక్కిని తనే గోనెలో మెడ దాకా చుట్టింది. ఎత్తుకుని, సూదీ దారం కొంగున కట్టుకుని, రేవులోకి దిగి నేరుగా వెళ్ళి ఒక దోనెలో కూర్చుంది. పెద్దవల వెయ్యాల్సిన దోనెల్లో ఒకటి అది.

"దాటించండి," అంది. "ఇద్దరం ఉన్నాం."



"ఇదేం పని నూకాలూ. దోనె దిగు," అన్నాడు పెద్దింటయ్య.

"ఇది పాకలో పనిచేసే జీవం, నేనూ పాకలో పనిచేసేదాన్నే. మొహం బాగోలేదని దీన్ని తీసేస్తే, రేపు నా చూపు తగ్గితే నన్నెక్కడికి దాటిస్తారో ఇప్పుడే చూసుకుని వస్తాను. పోయిన వానాకాలం మీ కాలికి పుండు లేచి మూడు చోట్ల చీము కారిందండి. మిమ్మల్ని ఏ తిప్పకి దాటించాం బావగారూ?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వి, దాన్ని దగ్గుగా మార్చారు. పెద్దింటయ్య చెవులు ఎర్రబడ్డాయి. ఆమెను దింపాలంటే ఎవరో ఒకరు చెయ్యి పట్టి లాగాలి. తమ్ముడి పెళ్ళాన్ని బావగారు ముట్టుకోకూడదు. రేవులో మగవాళ్ళలో సగం మంది ఆమెకు బావగారి వరసే.

"సూర్రావూ," అన్నాడాయన.

"నన్ను పిలవకండి పెదనాన్నా. నా వల ఆవిడ దగ్గర ఉంది, రెండు చోట్ల చిరిగి."

ఇక మిగిలింది మంగమ్మ. మొగుడు చూసిన చూపు అర్థమై, చీర ఎగగట్టి నీళ్ళలోకి దిగి, దోనె ఎక్కింది.

"లే. ఊరి ముందు ఈ ఆట దేనికి?"

"లేస్తాను అక్కా. ముందు దీని వేళ్ళ సందులు చూడు. నీ మనవడికి గజ్జి ఎక్కడ లేచింది?"

"వేళ్ళ సందుల్లో."

నూకాలమ్మ గోనెలోంచి ఒక పంజా బయటికి తీసి విప్పి చూపించింది. శుభ్రంగా ఉంది, గజ్జి జాడ లేదు. మెడలో తాటాకు మావు కూడా తీసేసింది.

"ఇప్పుడు చెవి మొదట్లో నొక్కు. మొన్నటి దాకా నొక్కితే కాలు కొట్టుకునేది. కొట్టుకుంటే నేనే దీన్ని తీసుకెళ్ళి తిప్ప మీద వదిలి వస్తాను."

మంగమ్మ వేలు భయం భయంగా పెట్టింది. కొంచెం గట్టిగా నొక్కింది. నూకాలమ్మ గోనె వదులు చేసింది, కాలు ఆడితే తెలియాలని. కాలు కదల్లేదు. చుక్కి కళ్ళు మూసుకుని, తల ఆ వేలి వైపే వాల్చి గుర్రుమంది.

మంగమ్మ రెండో చెవి కూడా నొక్కి చూసింది. తరవాత మొగుడి వైపు తిరిగింది.

"ఇది బాగానే ఉందండి. మీ చెయ్యి ఖాళీగా ఉంటే వచ్చి చూసుకోండి."

"ఇద్దరూ దిగండి. వల వెయ్యాలి."

"దిగితే పిల్లిని పట్టుకెళ్తారు," అంది నూకాలమ్మ. "వల వెయ్యండి, మేం కదలం."

మంగమ్మ చీర సర్దుకుని ఆమె పక్కన కూర్చుంది. "మా మనవడి చేతులకి మందేదో నువ్వే చెప్పాలి మరి," అంది మెల్లగా.

ఎండెక్కుతోంది. పొద్దెక్కితే చేప లోతుకు పోతుంది. పెద్దింటయ్య నీళ్ళకేసి చూసి, రెండో దోనె వాళ్ళకేసి చూసి, ఇక చేసేది లేక తనే గెడ తీసుకుని ఆ దోనె ఎక్కాడు. పెద్దవల దోనెలో ఆడది కూర్చోవడం జువ్వలంకలో అదే మొదలు. ఒక్కరు కాదు, ఇద్దరు. పైగా ఒక పిల్లి.

ఆ రోజు వలలో ఎప్పుడూ పడేంతే పడింది. ఎక్కువ పడలేదు, తక్కువా పడలేదు. వల లాగుతుంటే ఒక చోట రెండు కళ్ళు తెగి ఉండడం చూసి, నూకాలమ్మ దోనెలోనే సూది తీసి ముడి వేసింది. చుక్కి దోనె ముందు కొసన కూర్చుని చేపల్ని చూస్తోంది.

రేవు దగ్గర పడ్డాక పెద్దింటయ్య గెడ నేలలో గుచ్చి దోనె ఆపుతూ అన్నాడు.

"మళ్ళీ గోకిందంటే?"

"గోకితే చెవి చూస్తానండి," అంది నూకాలమ్మ. "మీరు దోనె చూసుకోండి, పక్కకి ఒరుగుతోంది."