కంప్యూటరు పట్టాలు తప్పిన విశ్వకర్మ పూజ

మొన్న మంగళవారం మా ఆఫీసు సర్వరు మీద ఎవడో దాడి చేశాడు. దొంగతనమేమీ కాదు, టికెట్ కౌంటరు ముందు పదివేలమంది నిలబడి, టికెట్టు కొనకుండా బండి టైము మాత్రమే అడుగుతూ పోతే అసలు ప్రయాణికుడికి బండి తప్పిపోతుంది చూడండి, సరిగ్గా ఆ బాపతు. దీనికి డినయల్ ఆఫ్ సర్వీస్ అని గొప్ప పేరుంది. బాధ్యత ఎవరిదో తేల్చడానికి తెర మీద పెట్టిన మీటింగులో పద్నాలుగు మొహాలు నాలుగు గంటలు మాట్లాడాయి. సిస్టమ్ తయారుచేసినవాళ్ళు నడిపేవాళ్ళనీ, నడిపేవాళ్ళు వాడేవాళ్ళనీ, వాడేవాళ్ళు తిరిగి తయారుచేసినవాళ్ళనీ అంటూ గుండ్రంగా తిరుగుతుంటే, నాకు మాత్రం తొంభైల నాటి బిలాస్‌పూర్, బంతిపూల దండ వేసుకున్న ఒక కంప్యూటరు, మా చిన్నక్క చేతిలో సిరా పెన్ను కళ్ళ ముందు కదిలాయి.

చిన్నక్క నాగపూర్‌లో కంప్యూటరు కోర్సు చదివొచ్చి, ఊళ్ళో తోర్వా పేట వైపున్న మన తెలుగువాళ్ళ సంఘం కమిటీని ఏడాదిపాటు వేపుకుతిని, ఒక పాత మిషను కొనిపించింది. ఒక పెట్టె, దానికి తగిలించిన నాలుగు తెరలు. పెట్టె బరువు గూడ్సు వ్యాగనంత, చప్పుడు డీజిల్ ఇంజనంత, తెలివి మాత్రం ఇంచుమించు నా అంత. రైల్వే క్వార్టర్ల పిల్లలం పన్నెండుమందిమి దాని ముందు వంతులవారీగా కూర్చుని అక్క దగ్గర భవిష్యత్తు నేర్చుకునేవాళ్ళం. పనిముట్లకి దండం పెట్టే విశ్వకర్మ పూజనాడు కమిటీ వచ్చి చూస్తుందని, మెచ్చితే క్లాసు, అక్క ఉద్యోగం నిలుస్తాయని, లేకపోతే సంఘం హాల్లోకి మళ్ళీ క్యారమ్ బోర్డు వస్తుందని ముందే చెప్పేశారు.

కమిటీ అంటే ముగ్గురు, ముగ్గురూ రిటైరైన రైల్వేవాళ్ళే. సిగ్నల్ ఇన్‌స్పెక్టరుగా చేసిన పెదనాన్న పెద్ద. లోకో షెడ్డులో ఫోర్‌మన్‌గా చేసిన మావయ్యకి ఈ మిషను మొదటినుంచీ గిట్టదు. పట్టాల పని చూసిన బాబాయి దేన్నయినా వంగి, ఒంటికన్నుతో చూసిగాని నమ్మడు. మావయ్య సర్వీసులో ఇంజను ఒక్కనాడూ తప్పు చేయలేదు, బాబాయి సర్వీసులో పట్టా వెంట్రుకవాసి వంగలేదు, అయినా బళ్ళు ఎలా పడిపోయేవో వాళ్ళిద్దరికీ అంతుపట్టని రహస్యం.

ఇక హాలు తాళంచెవి గుమ్మం పక్క మేకుకి వేలాడేది. అందరి హాలు కాబట్టి అందరి తాళమని పెదనాన్న సిద్ధాంతం. అదే సిద్ధాంతం ప్రకారం మిషను పాస్‌వర్డు కూడా నల్లబల్ల మూల, ఎవరూ చెరపకుండా గీత గీసి మరీ రాయించాడు. ఇరవయ్యేళ్ళ నాకు అంతకన్న ఆహ్వానమేం కావాలి? కమిటీకి శుభాకాంక్షలు చెప్పే ప్రోగ్రాము ఒకటి రాశాను. ఒక్క శుభాకాంక్ష ఏం బాగుంటుందని, ఒక్కొక్కటి మరో రెండింటిని పుట్టించేలా ఏర్పాటు చేశాను.

పూజ అయింది, మిషనుకి బొట్టు పెట్టారు, దండ వేశారు, కొబ్బరికాయ దాని మీదే కొడతానన్న బాబాయిని నలుగురం పట్టుకుని ఆపాం. అక్క మీట నొక్కింది. నా శుభాకాంక్ష ఒకటి వచ్చింది, తరవాత రెండు, నాలుగు, ఎనిమిది, ఆపైన మస్తూరీ సంతలో జనంలాగా లెక్కకందలేదు. నాలుగు తెరలూ కొయ్యబారిపోయాయి. ఏ మీట నొక్కినా ఉలుకూ లేదు, పలుకూ లేదు.

మామూలు మనుషులైతే మిషను కట్టేసి మళ్ళీ పెట్టేవారు. మావాళ్ళు రైల్వేవాళ్ళు. బండి పట్టాలు తప్పితే అన్ని డిపార్టుమెంట్లవాళ్ళూ అక్కడికక్కడే నిలబడి జాయింట్ నోటు రాసి, కారణం తేల్చి, సంతకాలు పెట్టందే దేన్నీ కదపరు. పెదనాన్న తెల్లకాగితం తెమ్మన్నాడు.

"ఇంజనుదేటి తప్పు? డ్రైవరు తాళం గోడకి తగిలించీసి టీ తాగడానికెళ్తే ఇంజన్నంటావేటి?" అని మావయ్య అక్కవైపు చూశాడు.

"నువ్వాగు బావా! పట్టా మీద ఒక బ్లాకులోకి ఒక్క బండినే వదుల్తాం. ఇది ఎన్నొస్తే అన్నీ రానిచ్చీసింది. ఇలాటిది చేసినోడికి బుద్ధుండక్కర్లేదా?" అని బాబాయి.

"సిగ్నలు చెడిపోతే ఎర్రగా పడాల. చెడిపోయి పచ్చగా ఉండిపోయిందంటే అది సిగ్నలు కాదురా, యముడు," అని పెదనాన్న రాసుకుంటూ, "అదలా ఉంచు. అసలిది పెట్టిందెవుడు?" అన్నాడు.

నా గుండె చప్పుడు పక్కనున్న గతౌరా స్టేషన్లో కూడా వినబడి ఉంటుంది. కాగితం అడుగున 'బాధ్యత' అని రాసి చుక్కలు పెట్టారు. అక్క నావైపు చూడలేదు. తెర మీద నిలిచిపోయిన శుభాకాంక్షలో కమిటీని ముల్లోకాలూ ఏలే మహాప్రభువులని పొగిడింది ఎవరో, మా వంశంలో అలా కోతలు కోసేవాడు ఒక్కడేనని ఆవిడకి తెలియదా? పెన్ను తీసుకుని, మిషను తన చేతిలో ఉన్నది కాబట్టి బాధ్యత తనదేనని రాసి సంతకం పెట్టేసింది. ఆ ఒక్క గీతతో ఉద్యోగం పోతుందని తెలిసే పెట్టింది.

ఆ సంతకం చూశాక నా కాళ్ళు నన్నడక్కుండానే నడిచాయి. కింద నా పేరు రాశాను.

"అచ్ఛా! గుంటడిదా ఈ ఘనకార్యం?" అని మావయ్య లేవబోతుంటే, పెదనాన్న పెన్ను లాక్కుని మూడో సంతకం పెట్టాడు. "మేకు కొట్టింది నాను. బల్లమీద రాయించింది నాను. కూకో," అన్నాడు. మావయ్య కాసేపు మీసం నమిలి, ఇంజనుకి సంబంధం లేదని ఒక వాక్యం రాయించుకుని, నాలుగోవాడిగా సంతకం చేశాడు. బాబాయి మాత్రం తప్పు తయారుచేసినవాడిదేనని అసమ్మతి రాశాడు.

క్లాసు ఆగలేదు, అక్క ఉద్యోగమూ పోలేదు. నల్లబల్ల మీది మాట నా చేతే చెరిపించారు. ఎవరు ఎన్ని పనులు పుట్టించినా మిషను ఒక హద్దు దగ్గర ఆగేలా చేయడం అక్క నాకు మూడు వారాలు కూర్చోబెట్టి నేర్పింది. పాతికేళ్ళుగా నేను తింటున్న అన్నం ఆ మూడు వారాలదే. తిట్టినవాళ్ళకీ, సంతకం పెట్టినవాళ్ళకీ కూడా నా దండాలు.

మంగళవారం మీటింగులో, ఒక మరమ్మతు వాయిదా వేసింది నేనేనని, నా పేరు రాసుకోమని అన్నాను. పదమూడు మొహాలూ ఫారం వెతుక్కున్నాయి. చివరికి ఒకాయన, ఫారంలో పేర్లు రాయడానికి గడి లేదండీ అన్నాడు.

ఆ జాయింట్ నోటు అక్క దగ్గర భద్రంగా ఉంది. పెదనాన్న, మావయ్య ఇప్పుడు లేరు. వాళ్ళ సంతకాలు ఇంకా నల్లగా నిగనిగలాడుతున్నాయి. నా పేరు పక్కన మాత్రం ఒక పెద్ద సిరా మరక. చెయ్యి వణికిందని అక్క అంటుంది. పెన్నుదే తప్పని నేను ఇప్పటికీ వాదిస్తూనే ఉన్నాను.